ఆటలో అరటిపండు

తెలుగువారి పిల్లల ఆటల్లో ఒక పాత ఆచారం ఉంది. పెద్దపిల్లలు దాగుడుమూతలో, నేలాబండో ఆడుకుంటున్నప్పుడు ఇంట్లోనుంచి ఒక చిన్నవాడు వెంటపడి వస్తాడు. వాడిని చేర్చుకుంటే ఆట సాగదు. చేర్చుకోకపోతే వాడు ఏడుస్తాడు, పెద్దలు కోప్పడతారు. ఈ రెండు చిక్కుల మధ్య పిల్లలు తమంత తాముగా కనుగొన్న పరిష్కారమే 'ఆటలో అరటిపండు'. చిన్నవాడు ఆటలో ఉంటాడు; పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, కేరింతలు కొడతాడు. కాని వాడిని ఎవరు ముట్టుకున్నా వాడు దొంగ కాడు. వాడు ఎవరిని ముట్టుకున్నా వారు ఔటు కారు. ఆట ముగిసి లెక్క చూసుకొనే వేళ వాడి పేరు ఏ పక్షంలోనూ ఉండదు.

ఈ ఏర్పాటులో దయ ఉంది, లౌక్యం కూడా ఉంది. చిన్నవాడికి ఆడుతున్నానన్న సంతోషం దక్కుతుంది, పెద్దపిల్లల ఆటకు భంగం కలగదు. ఇంత చక్కని ఏర్పాటుకు పెట్టిన పేరే పెద్దల లోకంలోకి వచ్చేసరికి ఎత్తిపొడుపుగా మారింది. సంఘంలో పేరుండి మాట చెల్లనివాడిని, సభలో ఆసనముండి అభిప్రాయానికి విలువలేనివాడిని లోకం 'ఆటలో అరటిపండు' అంటుంది. ఐదేళ్ళ పిల్లవాడికి ఆదరణగా తోచినదే పాతికేళ్ళ మనిషికి అవమానం ఎందుకయింది? ఒక మనిషిని ఆటలోకి రానిచ్చినప్పుడు అతనికి నిజంగా ఇచ్చేది ఏమిటి? ఆవరణలో నిలబడడానికి చోటా, లేక లెక్కలోకి వచ్చే అర్హతా?

గ్రామ యువజన సంఘానికి ఎటువంటి ఆటలు తగినవి అన్న విషయం కార్యక్రమ ప్రణాళికలో ఒక చిన్న అంశంగా కనిపిస్తుంది. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు ఏర్పడిన నాటినుంచి ఆటలకు, పోటీలకు యువజన కార్యక్రమాల్లో స్థానం ఉంటూనే వచ్చింది. ఖర్చు తక్కువ, ఉత్సాహం ఎక్కువ, ఫలితం వెంటనే కంటికి కనిపిస్తుంది కనుక ఆటలపట్ల ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాని సాయంకాలం బడి ఆవరణలో ముప్పైమంది యువకులు చేరారనుకుంటే, వారిలో పద్నాలుగుమంది చెడుగుడు ఆడతారు. తక్కినవారు గీత అవతల నిలబడి చూస్తారు. ఆ చూసేవారు ఎవరన్నది ఆలోచించదగిన విషయం. వారిలో బక్కపలచటివాడు ఉంటాడు. పోలియోవల్ల కాలు బలహీనమైనవాడు ఉంటాడు. పగలంతా కూలిపనిచేసి అలసినవాడు ఉంటాడు. ఆడపిల్లలు చాలాచోట్ల ఆ గీతదాకా కూడా రారు. ఆట ఎంపిక ఒక విధంగా మనుషుల ఎంపిక. అందువల్లనే అది నీతికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

ఈ ప్రశ్నకు ఒక అపురూపమైన సమాధానం పుదుచ్చేరి పట్టణంలో దొరుకుతుంది. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాంతో ఒకే పరిపాలన కింద ఉన్న ఈ పట్టణానికి ఫ్రెంచివారి కాలంనుంచి సంక్రమించిన వాటిలో వీధుల పేర్లు, కట్టడాలతోపాటు 'పెటాంక్' అనే గుండ్లాట ఒకటి. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగివచ్చినవారు, వారి పిల్లలు, వారిని చూసి నేర్చుకున్న ఇరుగుపొరుగువారు ఈ ఆటను ఇక్కడ నిలబెట్టారు. దీనికి పచ్చికబయలు అక్కరలేదు. గట్టిపడిన ఇసుకనేల చాలు. నేలమీద ఒక చిన్న వలయం గీసి, అందులో రెండు పాదాలూ ఆనించి నిలబడి, ఆరునుంచి పది మీటర్ల దూరంలో ఉన్న చిన్న కొయ్యగోళీకి దగ్గరగా లోహపు గుండును విసరాలి. గుండు బరువు 650 గ్రాములనుంచి 800 గ్రాముల వరకు ఉంటుంది. ఎవరి గుండ్లు గోళీకి దగ్గరగా ఉంటే వారికి పాయింట్లు. ముందుగా పదమూడు పాయింట్లు సంపాదించిన పక్షం గెలుస్తుంది. అరవై ఏళ్ళు దాటిన తాత, ఇరవై ఏళ్ళ మనవడు ఒకరికొకరు ప్రత్యర్థులుగా నిలబడగల ఆటలు ప్రపంచంలో ఎక్కువ లేవు. ఇది అటువంటిది.

ఈ లక్షణం యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ ప్రాంతంలో ఇంతకుముందే ఒక గుండ్లాట ఉండేది. అందులో ఆటగాడు మూడు అడుగులు పరుగెత్తి గుండు విసరాలి. దూరం కూడా ఎక్కువ. మార్సెయ్ నగరానికి సమీపంలోని లా సియోతా అనే ఊళ్ళో జూల్ యూగ్ అనే ఆటగాడు ఉండేవాడు. ఊరివారు అతన్ని లెన్వార్ అని పిలిచేవారు. అతనికి కీళ్ళవాతం ముదిరి పరుగెత్తే శక్తి పోయింది. ఒకనాటి మేటి ఆటగాడు కుర్చీలో కూర్చుని మిత్రుల ఆట చూడవలసి వచ్చింది. అతని స్నేహితుడు ఎర్నెస్ట్ పితియో ఆ దృశ్యాన్ని భరించలేక ఒక మార్పు సూచించాడని ఆ ఊరివారు చెప్పుకుంటారు. పరుగు మానేసి, దూరం తగ్గించి, పాదాలు కదపకుండా అందరూ నిలబడే విసరాలి. ప్రొవాన్స్ మాండలికంలో 'నాటుకున్న పాదాలు' అనే అర్థమిచ్చే మాటలనుంచే పెటాంక్ అన్న పేరు వచ్చింది. 1910లో ఆ ఊళ్ళోనే ఈ కొత్త ఆటకు తొలి పోటీ జరిగింది.

పితియో తన మిత్రుడిమీద జాలిపడి, అతనొక్కడూ పరుగెత్తకుండా విసరవచ్చునని మినహాయింపు ఇచ్చి ఉంటే లెన్వార్ ఆటలో అరటిపండు అయి ఉండేవాడు. అతను గెలిస్తే 'పాపం, గెలవనిచ్చారు' అనేవారు; ఓడితే ఎవరూ పట్టించుకొనేవారు కాదు. పితియో చేసిన పని వేరు. అతను మనిషికి మినహాయింపు ఇవ్వలేదు, నియమాన్నే సవరించాడు. ఆ సవరణ అందరికీ వర్తించింది. పరుగెత్తగలవాడు కూడా పాదాలు కదపకుండా నిలబడవలసిందే. అప్పుడు లెన్వార్ విసిరిన గుండు మిగిలినవారి గుండుతో సమానమయింది. అతని గెలుపు గెలుపే అయింది, అతని ఓటమి ఓటమే అయింది. మినహాయింపుకూ సవరణకూ మధ్యనున్న ఈ భేదంలోనే చర్చ అంతా ఇమిడి ఉంది. మినహాయింపు మనిషిని ఆవరణలోకి తెస్తుంది. సవరణ అతన్ని లెక్కలోకి తెస్తుంది.

బలహీనుడి గౌరవాన్ని కాపాడే ఉపాయాలు తెలుగు పల్లెలకు తెలియనివి కావు. చెడుగుడు జట్లు విడగొట్టే పాత పద్ధతి ఇందుకు మంచి నిదర్శనం. ఇప్పటి బడిపిల్లలు ఇద్దరు నాయకులను ఎన్నుకుంటారు. నాయకులు ఒకరి తరువాత ఒకరు తమకు నచ్చినవారిని పేరుపెట్టి పిలుచుకుంటారు. ఈ పద్ధతిలో చివరన మిగిలిపోయేవాడు ప్రతిరోజూ ఒకడే. వాడి అశక్తతను రోజుకొకసారి బహిరంగంగా ప్రకటించినట్లవుతుంది. పాత పద్ధతిలో ముందుగా 'ఉద్దులు' కట్టేవారు. సమానబలం గల ఇద్దరు జతగా దూరంగా వెళ్ళి, గుసగుసగా మారుపేర్లు పెట్టుకొని, నాయకుల ముందుకు వచ్చి ఆ పేర్లలో ఏది కావాలని అడిగేవారు. నాయకుడు పువ్వును కోరుకుంటున్నాడో ఆకును కోరుకుంటున్నాడో అతనికే తెలుసు. ఆ పేరు వెనుక ఏ మనిషి ఉన్నాడో తెలియదు. బలవంతుడికి బలవంతుడు, బలహీనుడికి బలహీనుడు ఉద్ది గనుక రెండు జట్లూ సమంగా తూగేవి. ఎవరూ చివరివాడుగా మిగిలేవారు కాదు. ఏ గ్రంథమూ చదవని పిల్లలు న్యాయాన్ని, మర్యాదను ఒకే ఉపాయంతో సాధించిన తీరు ఇది.

చెడుగుడులోనే మరొక గంభీరమైన ఆలోచన దాగి ఉంది. ఓడినవాడిని ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ దేశీయ క్రీడ మూడు రకాల సమాధానాలు చెప్పింది. 'గామిని' పద్ధతిలో ఔటయినవాడు తన జట్టంతా ఔటయ్యేదాకా బయటనే ఉండాలి. 'అమర్' పద్ధతిలో ఔటయినవాడు బయటకు పోడు; ఎదుటి పక్షానికి పాయింటు మాత్రం చేరుతుంది. 'సంజీవని' పద్ధతిలో తన జట్టువాడు ఎదుటివారిలో ఒకరిని ఔటు చేస్తే, అంతకుముందు ఔటయినవాడు తిరిగి ప్రాణంతో లోపలికి వస్తాడు. ఒకటి బహిష్కారం, ఒకటి క్షమ, ఒకటి పునర్జన్మ. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి బృందం ప్రదర్శించిన ఈ క్రీడ, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల పోటీగా ప్రవేశించింది. అంతర్జాతీయ స్థాయికి ఎదిగిన రూపంలో నిలిచినది సంజీవని పద్ధతే. ఓడినవాడి పునరాగమనం అతని చేతిలో కాక తోటివాడి చేతిలో ఉండడం ఈ పద్ధతిలోని విశేషం. బయట కూర్చున్నవాడు కూత పెడుతున్న మిత్రుడి ఊపిరిని తన ఊపిరిగా లెక్కపెట్టుకుంటాడు. సమష్టి అన్న మాటకు ఇంతకన్న సులభమైన వ్యాఖ్యానం దొరకదు.

ఇందుకు భిన్నమైనది కుర్చీలాట. జాతీయ దినోత్సవాల్లో, సంఘాల వార్షికోత్సవాల్లో తప్పనిసరిగా కనిపించే ఈ ఆటలో పాట ఆగినప్పుడల్లా ఒకరు నిష్క్రమిస్తారు. మొదట నిష్క్రమించేవాడు సాధారణంగా నెమ్మదైనవాడు లేదా మొహమాటస్థుడు. అంటే ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వారికి ఆడే సమయం అతి తక్కువగా దొరుకుతుంది. అవసరం లేనంత చురుకైనవాడు చివరిదాకా ఆడతాడు. ఈ లోపాన్ని గుర్తించి కెనడా దేశస్థుడు టెర్రీ ఓర్లిక్ 1978లో ప్రచురించిన సహకార క్రీడల పుస్తకంలో ఒక మార్పు సూచించాడు. ప్రతిసారీ కుర్చీ తొలగించాలి గాని మనిషిని తొలగించకూడదు. మిగిలిన కుర్చీల్లోనే అందరూ ఏదో ఒక విధంగా సర్దుకొని కూర్చోవాలి. చివరకు ఒకే కుర్చీమీద ఊరంతా ఒకరినొకరు పట్టుకొని నిలవవలసి వస్తుంది. నవ్వు రెండు రకాల ఆటల్లోనూ ఉంటుంది. మొదటిదానిలో కుర్చీ దొరకనివాడిని చూసి నవ్వుతారు. రెండవదానిలో అందరూ కలిసి తమను చూసుకొని నవ్వుకుంటారు.

ఇక్కడ సహజంగానే ఒక అభ్యంతరం తలెత్తుతుంది. నియమం అన్నది మారనిది కావాలి కదా, ప్రతి మనిషికోసం దాన్ని మార్చుకుంటూ పోతే ఆటకు పవిత్రత ఏముంటుంది? ఈ సందేహానికి స్విట్జర్లాండుకు చెందిన జాఁ పియాజే 1932లో ప్రకటించిన పరిశీలన ఉపకరిస్తుంది. జెనీవా, నూషతెల్ పట్టణాల్లో గోళీలాడే పిల్లల మధ్య కూర్చుని ఆయన వారిని నియమాల గురించి ప్రశ్నించాడు. చిన్నపిల్లలు నియమాలు పెద్దలనుంచి వచ్చినవని, వాటిని తాకరాదని నమ్మేవారు. అయినా ఆడేటప్పుడు తమకు తోచినట్లు ఆడేవారు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు నియమం తమ పరస్పర సమ్మతివల్ల ఏర్పడినదని, అందరూ ఒప్పుకుంటే మార్చవచ్చునని చెప్పేవారు. అయినా ఆటలో దానిని నిష్ఠగా పాటించేవారు. నియమాన్ని మార్చగలమన్న స్పృహ వచ్చిన తరువాతనే దానిపట్ల నిజమైన గౌరవం ఏర్పడుతుందన్నది ఈ పరిశీలనలోని సారం. ప్రజాస్వామ్యానికి కూడా ఇదే మూలసూత్రం కావడం గమనించదగినది. రాజ్యాంగాన్ని సవరించే అధికారం ఉన్న జాతి రాజ్యాంగాన్ని అగౌరవపరుస్తున్నదని ఎవరూ అనరు.

ఆడపిల్లల ఆటల విషయంలో ఈ చర్చ మరొక మలుపు తిరిగింది. అమెరికాలో జానెట్ లీవర్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 1970ల్లో పిల్లల ఆటలను పరిశీలించి, తగవు వచ్చినప్పుడు మగపిల్లలు నియమాలమీద వాదించుకొని ఆట కొనసాగిస్తారని, ఆడపిల్లలు చాలాసార్లు ఆటనే ఆపేస్తారని గమనించింది. దీనిని ఆడపిల్లల లోపంగా భావించే ధోరణిని కారల్ గిలిగన్ 1982లో వెలువరించిన గ్రంథంలో ప్రశ్నించింది. ఆట ఆపడం న్యాయబుద్ధి లేకపోవడం కాదు, స్నేహాన్ని ఆటకన్న మిన్నగా ఎంచడం అని ఆమె వాదన. లా సియోతాలో పితియో చేసినది ఈ రెండు దృష్టులకూ సమన్వయం వంటిది. అతను స్నేహంకోసం ఆటను ఆపలేదు; ఆటకోసం స్నేహితుడిని వదులుకోనూ లేదు. నియమాన్ని స్నేహానికి తగినట్లు మలచుకున్నాడు.

లా సియోతాలో తొలి పెటాంక్ పోటీ జరిగిన 1910వ సంవత్సరంలోనే, ఏప్రిల్ 4వ తేదీన శ్రీ అరవిందులు పుదుచ్చేరి చేరుకున్నారు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు ఈ పట్టణంలో ఆటల గురించి మరొక ప్రయోగం ఆరంభమయింది. 1943 డిసెంబరు 2న ఆశ్రమంలో పిల్లల పాఠశాల ఏర్పడింది. క్రమంగా శ్రీమాత పర్యవేక్షణలో వ్యాయామ విద్య అక్కడి జీవితంలో విడదీయరాని భాగమయింది. యోగసాధనకోసం వచ్చినచోట ఈ ఆటలెందుకని ప్రశ్నించినవారు లేకపోలేదు. 1949లో ఆశ్రమంనుంచి వెలువడిన వ్యాయామ విద్యా పత్రిక తొలి సంచికకు శ్రీ అరవిందులు సందేశం వ్రాసి, నియమపాలన, ప్రత్యర్థిపట్ల సౌజన్యం, గెలుపోటముల్లో సమభావం, తీర్పరి నిర్ణయానికి లోబడడం వంటి గుణాలను క్రీడలు పెంపొందిస్తాయని వివరించారు. అంతకన్న విశేషమైనది ఆచరణలో కనిపించింది. అక్కడ ఆట కొద్దిమంది మేటి ఆటగాళ్ళది కాదు. చిన్నపిల్లలనుంచి వృద్ధులవరకు వయసును బట్టి బృందాలు, బృందానికొక రంగు దుస్తులు ఏర్పడ్డాయి. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా పొట్టి లాగులు ధరించి మైదానంలోకి దిగారు. 1940ల చివరి సంవత్సరాల్లో ఇది చిన్న విషయం కాదు. శ్రీమాత స్వయంగా ఎనభై ఏళ్ళ వయసు వరకు టెన్నిస్ ఆడేవారు.

ఒకే పట్టణంలోని ఈ రెండు ఉదాహరణలు రెండు మార్గాలను చూపుతున్నాయి. ఆశ్రమ పద్ధతిలో సమానులను సమానులతో చేర్చి ప్రతివారికీ తగిన ఆట కల్పించారు. పెటాంక్ మార్గంలో అసమానులు కూడా సమానంగా తలపడగల ఒకే ఆటను రూపొందించారు. మొదటిదానికి వనరులు, శిక్షకులు, స్థలం కావాలి. రెండవదానికి కావలసినది నియమాన్ని పునరాలోచించే ధైర్యం. గ్రామ యువజన సంఘానికి మొదటిది ఎప్పుడో గాని సాధ్యం కాదు. రెండవది ఈ సాయంకాలమే సాధ్యమవుతుంది.

అయితే ఆటకున్న శక్తిని ఎక్కువచేసి చెప్పడం కూడా సత్యానికి దూరం. మైదానంలో కలిసి ఆడినవారు ఊళ్ళో కలిసి బతుకుతారన్న ఆశ అన్నిసార్లూ నెరవేరలేదు. పల్వంకర్ బాలూ ఇందుకు సాక్ష్యం. అస్పృశ్యులుగా పరిగణింపబడిన కులంలో 1876లో జన్మించిన ఈ మహారాష్ట్ర బౌలరు 1911లో ఇంగ్లాండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన ప్రతిభావంతుడు. పూణేలో హిందువుల జట్టు అతని ప్రతిభను కాదనలేక చేర్చుకుంది. మైదానంలో అతను విసిరిన బంతిని తక్కినవారు ముట్టుకొనేవారు. విరామ సమయంలో మాత్రం అతనికి భవనం వెలుపల మట్టిముంతలో టీ పోసేవారు. ఆటలో అతను పూర్తిగా లెక్కలోకి వచ్చాడు, ఆట ఆగిన మరుక్షణం లెక్కనుంచి తొలగిపోయాడు. ఎంతో కాలం పోరాడిన తరువాత గాని, 1923లో అతని తమ్ముడు విఠల్‌కు హిందూ జట్టు నాయకత్వం దక్కలేదు.

ఈ అనుభవం నేర్పే పాఠం ఆటలు వ్యర్థమని కాదు. గీత లోపల ఒప్పుకున్న సమానత్వాన్ని గీత బయట కూడా కోరవలసి ఉంటుందని. చెడుగుడు ముట్టుకోకుండా ఆడే ఆట కాదు. చేయి పట్టుకోవాలి, నడుము చుట్టాలి, మట్టిలో కలిసి దొర్లాలి. ఒకరి స్పర్శను మరొకరికి నిషేధించిన సమాజంలో ఈ ఆటను ఊరివాడలన్నీ కలిసి ఆడడం దానంతట అదే ఒక నైతిక ప్రకటన. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసింది. 15వ అధికరణం ప్రభుత్వ ధనంతో నడిచే బహిరంగ స్థలాల్లో వివక్షను నిషేధించింది. బడి ఆవరణలో ఏ వాడ పిల్లలు ఏ మూల ఆడుతున్నారో ఒక సాయంకాలం నిలబడి చూస్తే, ఆ అధికరణాలు ఆ ఊరిదాకా ఎంత నడిచివచ్చాయో తెలుస్తుంది. ఆట ముగిశాక దాహానికి ఒకే కుండ, ఒకే గ్లాసు ఉన్నాయా అన్నది దానికి తరువాతి పరీక్ష.

సవరణ అన్నది జాలికి మారుపేరు కాకూడదన్న హెచ్చరిక కూడా అవసరం. బలహీనుడికోసం ఆటను తేలిక చేయడం వేరు, ఆటలోని కష్టాన్ని అందరికీ సమంగా పంచడం వేరు. 1946లో రెండవ ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల పునరావాసంకోసం యూరపులో రూపొందిన 'గోల్‌బాల్' ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. జట్టుకు ముగ్గురు, బంతిలో గంటలు ఉంటాయి, వాటి చప్పుడు విని బంతిని ఆపాలి. ఆటగాళ్ళందరూ కళ్ళకు గంతలు కట్టుకోవాలి. కొద్దిగా చూపున్నవాడికి కూడా మినహాయింపు లేదు. ప్రేక్షకులు నిశ్శబ్దంగా ఉండాలి. 1976 టొరంటో పారాలింపిక్ క్రీడలనుంచి ఇది పోటీలో భాగమయింది. ఇందులో ఎవరిమీదా ఎవరికీ జాలి లేదు. కళ్ళున్నవాడు ఈ ఆటలోకి వస్తే అతనే కొత్తవాడు, అతనే నేర్చుకోవలసినవాడు. తెలుగుపిల్లల కళ్ళగంతల ఆటలో ఒక్కడు చీకటిలో ఉంటాడు, తక్కినవారు వెలుతురులో ఉండి అతన్ని ఆటపట్టిస్తారు. చీకటిని అందరూ పంచుకున్నప్పుడు అది లోపంగా ఉండడం మాని నియమంగా మారిపోతుంది.

నియమం అన్నది అసలు ఏమిటన్న తాత్త్విక ప్రశ్నకు కూడా ఇక్కడ కొంత వెలుగు దొరుకుతుంది. అనవసరమైన అడ్డంకులను స్వచ్ఛందంగా పైన వేసుకొని వాటిని దాటే ప్రయత్నమే ఆట అని బెర్నార్డ్ సూట్స్ అనే తత్త్వవేత్త 1978లో నిర్వచించాడు. గుండును చేత్తో తీసుకువెళ్ళి గోళీ పక్కన పెట్టవచ్చు. అలా చేయకుండా దూరంనుంచి విసరడంలోనే ఆట ఉంది. అడ్డంకి మనిషి కోరి తెచ్చుకున్నదే అయినప్పుడు, దాని ఆకారాన్ని నిర్ణయించే బాధ్యత కూడా అతనిదే. 'ఆట నియమం ఇది, నువ్వు దీనికి పనికిరావు' అని ఒకరిని బయటపెట్టినప్పుడు ఆ మాట ప్రకృతి పలికినది కాదు, మనుషులే పలికినది.

భారతీయ చింతనలో ఆటకు ఇంతకన్న ఉన్నతమైన స్థానం ఉంది. సర్వపరిపూర్ణమైన బ్రహ్మానికి సృష్టితో పనేమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు బ్రహ్మసూత్రాలు లీల అన్న సమాధానం చెప్పాయి. ఏదో పొందవలసి ఉండి చేసినది కాదు, ఆనందపు పొంగులో జరిగినది అని అర్థం. శ్రీ అరవిందుల దర్శనంలో కూడా లీలకు ప్రధాన స్థానం ఉంది. ఈ భావనను యువజన సంఘం స్థాయిలో తలచుకుంటే అధికారులకూ కార్యకర్తలకూ ఒక విషయం స్ఫురించాలి. ఆటలను ఎప్పుడూ క్రమశిక్షణకోసం, ఆరోగ్యంకోసం, సమైక్యతకోసం అని సమర్థించుకోవడం అలవాటయింది. ఇవన్నీ ఫలాలే, కాని ఇవి కోరి ఆడితే ఆట కసరత్తుగా మిగులుతుంది. ఆనందమే ఆట ధర్మం. ఆ ఆనందం కొందరిదై, తక్కినవారికి దాన్ని చూసే భాగ్యం మాత్రమే దక్కినప్పుడు, లీల అన్న మాట తన అర్థంలో సగం పోగొట్టుకుంటుంది.

అయితే చిన్నవాడి అరటిపండు ఆట తప్పా? కాదు. ఐదేళ్ళవాడికి అది ఆటలోకి వచ్చే తొలిమెట్టు. ఆ మెట్టుమీద వాడు ఎక్కువకాలం నిలవడు. ఒకనాడు వాడిని ఎవరో ముట్టుకుంటారు. అలవాటు ప్రకారం 'వాడు అరటిపండు' అంటారు. అప్పుడు వాడు కళ్ళనీళ్ళు పెట్టుకొని తాను ఔటయ్యానని, తాను దొంగగా ఉంటానని పట్టుబడతాడు. పెద్దలకు విచిత్రంగా తోచే ఈ పట్టుదలలో మానవ గౌరవానికి సంబంధించిన లోతైన సత్యం ఉంది. వాడు గెలుపు కోరడం లేదు, ఓడిపోయే హక్కు కోరుతున్నాడు. ఔటు కాలేనివాడు ఆటలో లేనట్లే. ఓటమికి అర్హుడైనవాడే గెలుపుకూ అర్హుడవుతాడు.

ప్రభుత్వ పథకాలైనా, సంఘాల సభ్యత్వ పట్టికలైనా, మహిళలకూ బలహీనవర్గాలకూ కేటాయించిన స్థానాలైనా ఈ గీటురాయిమీద పరీక్షించుకోదగినవే. ఆవరణలో ఎంతమంది ఉన్నారన్న లెక్క సులభంగా తేలుతుంది. వారిలో ఎందరి మాటవల్ల నిర్ణయం మారగలదు, ఎందరి తప్పు తప్పుగా పరిగణింపబడుతుంది, ఎందరు అరటిపండ్లుగా మిగిలారు అన్న లెక్క కష్టమయినది. గ్రామ యువజన సంఘం ఈ రెండవ లెక్కను అభ్యసించడానికి ఆటస్థలాన్ని మించిన బడి లేదు. ఏ ఆటలు ఆడాలన్న పట్టిక ఎవరైనా తయారుచేయవచ్చు. ఆ పట్టిక వేసేముందు గీత అవతల నిలబడి చూస్తున్నవాడి దగ్గరకు నడిచివెళ్ళి, ఈ ఆటలో ఏది మారిస్తే నువ్వు మాకు ఎదురుగా నిలబడి ఆడగలవని అడిగే నాయకుడు ఆ సంఘానికి కావాలి. పుదుచ్చేరి ఇసుకనేలమీద సాయంకాలం ఒక వృద్ధుడు పాదాలు ఆనించి గుండు విసురుతున్నప్పుడు, ఎన్నడో ఒక మిత్రుడు అడిగిన ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొర్లుతూనే ఉంది.